గాలితుపాకుల కాలము

ఒక ప్రక్క పెన్నానది ఇసుకతిన్నెలు, వేరొక ప్రక్క లంకమల కొండల చరియలు, నడుమ కలివి, రేగు, బలుసు పొదలతోను నల్లతుమ్మలతోను నిండిన రాతిబీళ్లు: కడప మండలమున సిద్ధవటము, బద్వేలు ప్రాంతము నా బాల్యమున, అనగా 1950వ దశకమున, ఇట్లుండెను. ఆ బీళ్లయందు కౌజులకును, పూరేళ్లకును, గువ్వలకును, కుందేళ్లకును కొదవ లేకుండెను. జొన్నకోతలు ముగిసి, కళ్లములు ఊడ్చి, గింజ గాదెలకు చేరిన పిమ్మట, తెల్లవారుజామునను పొద్దు వాలిన తరువాతను భుజమున తుపాకి వైచికొని బీటిలోనికి పోవు మగవారు మా పల్లెలలో వీధి కొకరిద్దరు కనబడుచుండెడివారు. అందు మందుతుపాకులు కలవారు పెద్ద భూస్వాములు. వారికి సర్కారువారి లైసెన్సు లుండెను. తక్కినవారు, అనగా కరణములు, బడిపంతుళ్లు, నాలుగెకరముల రైతులు, లైసెన్సు అక్కరలేని గాలితుపాకితో తృప్తి నొందెడివారు. నేను చెప్పదలచినది ఈ రెండవ జాతి తుపాకిని గూర్చియు, దానిని చేపట్టిన మనుష్యులను గూర్చియు.

గాలితుపాకి రాకపూర్వము మా ప్రాంతమున ఆ స్థానము ఉండేలుది. నేటి పిల్లలు ఉండేలనగా పంగకొమ్మకు రబ్బరు కట్టినదే యనుకొందురు గాని, మా తాతగారి తరమువారి ఉండేలు నిజమైన విల్లు. వెదురుబద్దకు రెండు నారులు ప్రక్కప్రక్కగా బిగించి, వాని నడుమ తోలుతోనో గుడ్డతోనో చిన్న ఒడి కుట్టి, అందు మట్టియుండ నుంచి లాగి విడిచెడివారు. విడుచునపుడు ఎడమచేతి మణికట్టును ఒక్కింత ప్రక్కకు త్రిప్పనిచో ఉండ వచ్చి సొంత బొటనవ్రేలినే పగులగొట్టును. చెరువుమట్టి తెచ్చి, అందలి గులకరాళ్లు ఏరి, పిసికి, రేగుపండంతేసి ఉండలు చేసి నీడపట్టున ఆరబెట్టుట పిల్లల వంతు. ఎండ నారినవి బీటలువారి గాలిలోనే విచ్చిపోవును. ఆ విల్లు పట్టినవాడు పిట్టకు పది పదిహేను అడుగుల దూరము వరకు పోవలసినదే. ఈ సంగతి ముందుగా చెప్పుటకు కారణమున్నది. గాలితుపాకి మా పల్లెలకు వచ్చినప్పుడు అది క్రొత్త వేటనేమియు తేలేదు. ఉండేలు నేర్పిన నడకకు, ఉండేలు నేర్పిన ఓర్పునకు కొంత దూరమును, కొంత నిశ్చయమును మాత్రమే చేర్చినది.

1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడినను మా వారికి పట్టణమనిన మద్రాసే. బొంబాయినుండి గుంతకల్లు మీదుగా వచ్చు రైలును కడపలో నెక్కినచో అది నేరుగా మద్రాసులో దింపును. ధాన్యము అమ్మిన డబ్బుతోనో, వ్యాజ్యపు పనిమీదనో అక్కడికి పోయినవారు మౌంటురోడ్డులోని తుపాకుల అంగడి మెట్లెక్కక తిరిగివచ్చుట యరుదు. అద్దాల బీరువాలలో వరుసగా నిలబెట్టిన ఆ తుపాకులలో మా వారు పేరుతో గుర్తించినవి రెండు. ఒకటి బర్మింగుహాము నగరపు బి.ఎస్.ఏ. వారిది, వారు 1905నుండి గాలితుపాకులు చేయుచుండిరి. మూడు తుపాకులను మొనలు కూర్చి నిలబెట్టిన వారి గుర్తును సైకిళ్లమీద చూచియున్నవారగుటచే దానిని మా వారు చదువురాకున్నను పోల్చుకొనగలిగిరి. రెండవది డయానా. ఇది జర్మనీలో రాష్టాట్ అను పట్టణమున 1890లో స్థాపింపబడిన కర్మాగారముది. దాని ముద్రలో, రోమకుల వేటదేవత గాలితుపాకిని తలకు మీదుగా ఎత్తిపట్టి, తన వింటిని బాణములను క్రిందికి విసరివేయుచుండును. ఉండేలును అటుకమీద పడవైచి తుపాకి చేపట్టిన మా మేనమామగారికి ఆ ముద్ర తన యింటి కథయే తోచినది కాబోలు, ఆయన కొన్నది డయానాయే. దాని వెల ఆనాటి బడిపంతులుగారి నెల జీతమునకు మించినది. ఇంట కొన్నాళ్లు ఈ విషయమై మాటలు లేకుండెను.

తుపాకిని ఎంచుకొనుట ఆ రోజులలో ఒక విద్య. రెండవ ప్రపంచయుద్ధానంతరము రాష్టాట్ కర్మాగారపు యంత్రములు బ్రిటనుకు తరలింపబడి, స్కాట్లండులో అదే డయానా పేరుతో తుపాకులు తయారయ్యెను. తరువాత జర్మనులు తమ పనిని మరల మొదలుపెట్టిరి. కావున ఒకే పేరుతో రెండు దేశముల సరుకు అంగడిలో నుండెడిది, ఏది మేలన్న వాదము రచ్చబండపై రాత్రి యెంత గడచినను తెగకుండెడిది. మా మామగారు పేరును నమ్ముటకంటె పరీక్షను నమ్మినవారు. మొదట గొట్టమును విరిచి, వెలుతురు వైపునకు త్రిప్పి, లోపలి మెలికగాట్లు కొననుండి కొన వరకు తెగక సాగుచున్నవేమో చూచెడివారు. గాట్లు లేని నున్నని గొట్టము పిల్లల యాటకు చాలును గాని వేటకు పనికిరాదు. మెలికలో సుడి తిరిగి వెడలిన గుండు మాత్రమే త్రోవ తప్పదు. పిదప గొట్టము విరుగుచోట, ఆ కీలు మీద, దూదిపోగు నొకదానిని ఉంచి పేల్చెడివారు. పోగు కదలినచో గాలి ఆ సందున కారిపోవుచున్నదని, దాని బలము సగము కీలులోనే వ్యర్థమగుచున్నదని తెలిసికొనవలెను. ఎంత కొమ్ములు తిరిగిన వ్యాపారియైనను ఈ దూదిపోగు ఎదుట మారు పలుకలేడు. చివరగా, గుండు లేకుండ ఊరక పేల్చి చూపబోయిన అంగడివాని చేయి ఆయన పట్టుకొనెడివారు. ఎదుట గుండు లేనిచో పిస్టనుకు మెత్తని గాలిపరుపు దొరకక పోయి గొట్టపు గోడకు ఢీకొనును, స్ప్రింగు బ్రతుకు తరుగును.

ఇక బోరును గూర్చిన వివాదము. .177ను మా వారు ఒకటవ నంబరనియు, .22ను రెండవ నంబరనియు పిలిచెడివారు. నడుము సన్నమై వెనుక గుల్లగానుండు ఆ సీసపు గుండ్లను మా మామగారొకనాడు కంసాలి త్రాసులో గురిగింజలతో తూచి చూపిరి. ఒకటవ నంబరు గుండు నాలుగు గురిగింజలకు కొంచెము పైగాను, రెండవ నంబరుది ఏడెనిమిది గురిగింజలును తూగెను. ఒకే స్ప్రింగు రెంటిని నెట్టునపుడు తేలికది వడిగా, తిన్నగా పోవును. బరువైనది మందముగా పోవును, దూరమున క్రిందికి వంగును, కాని తగిలినచోట నిలుచును. కాగితపు గురికి ఒకటవ నంబరు, కూరకు రెండవ నంబరు అని ఆయన తీర్పు. వేటలో గాయపడి పొదల దూరి చచ్చు పిట్ట కంటె పాపమింకొకటి లేదన్నది ఆ తీర్పునకు మూలము. ఆ తీర్పు సరియైనదేయని నేటికిని నా యభిప్రాయము.

కొన్న తుపాకి కొన్నట్లుండుట మా పల్లెలలో లేదు. సంవత్సరము తిరుగునప్పటికి దాని సగము భాగములు మావారి చేతిపనియే యగుచుండెను. అన్నింటికంటె ముందుగా పాడగునది పిస్టను తలనుండు తోలు వాషరు. అది గిన్నె ఆకారమున నుండి, గాలి ఒత్తిడికి అంచులు విచ్చుకొని గొట్టపు గోడల నంటిపట్టుకొనును. ఎండిపోయినచో అంచులు ముడుచుకొని గాలి వెనుకకు జారును. మంచి దళసరి ఎద్దుతోలు ముక్కను రాత్రియంతయు నీట నానబెట్టి, కొలతకు తొలిచిన ఇత్తడి గొట్టములో గుండ్రని చెక్కబిళ్లతో అదిమి, మూడు దినములు కదపక ఉంచి, ఆరిన పిదప అంచులు పదునైన కత్తితో సరిచేసి, వెచ్చని కొవ్వులో ముంచి తీయవలెను. మా ఊరి చర్మకారుడు ఈ పనిలో నేర్పరి. చెప్పుల పని నడుమ ఆ యిత్తడిగొట్టము నాతని యొద్ద ఎల్లప్పుడు ఏదో ఒక తుపాకి వాషరుతో బిగిసియుండెడిది. ఆతడు చేసిన వాషరు సీమనుండి వచ్చినదానికంటె ఎక్కువకాలము మన్నుటకు కారణము, మా ఎండలకు తగిన కొవ్వును ఆతడు తానే ఎంచుకొనుట యని తలచెదను.

స్ప్రింగు మార్చుటలో మాత్రము దురాశకు లోనగువారు పెక్కురు. గట్టి స్ప్రింగు వేసినచో తుపాకి బలము పెరుగునని, పాత లారీ విడిభాగములలో దొరికిన తీగచుట్టను కొలతకు కోసి, కొనలు ఆకురాతితో చదును చేసి, లోన దూర్చెడివారు. బలము కొంత పెరుగును, నిజమే. కాని తుపాకి ప్రతి పేల్పునకు వణకును, మీట రాయివలె బిగియును, గుండు ఎటు పోయినదో పేల్చినవానికే తెలియదు. ఇంకను కుతూహలపరులైన కుర్రవాండ్రు గొట్టములో కిరసనాయిలు చుక్కవేసి పేల్చెడివారు. పిస్టను ఒత్తిడికి లోని గాలి వేడెక్కి ఆ నూనె అంటుకొని, డీజిలింజనులో జరుగునదే ఇచటను జరిగి, మందుతుపాకి చప్పుడు వెడలి, కొనయందు పొగ లేచును. చప్పుడు వినుటకు బాగే; వాషరు మాడిపోవును, స్ప్రింగు విరుగును. మా మామగారు చేసిన మార్పులు రెండే. వెనుకనుండు గురిగాటునకు బదులు చిన్న రంధ్రముగల ఇత్తడిబిళ్ల నొకటి అమర్చిరి. కన్ను దానంతట అది రంధ్రపు నడుమకు చేరుటచే గురి కుదురుచుండెను. మడమను ఊరి వడ్రంగిచే ఎర్రచందనముతో చేయించిరి. ఆనాడు మా కొండలలో ఆ చెట్టునకు కొదవ లేదు. నీట వైచినచో మునుగునంతటి బరువైన కొయ్య యది. మోసికొని నడచుటకు కష్టమని అందరును అనిరి గాని, ఆ బరువే తుపాకి వణకును మ్రింగివేసెను. నేను పట్టి పేల్చిన గాలితుపాకులలో దానివంటి నెమ్మది గలది మరియొకటి లేదు.

వణకు అనుటలో ఒక విశేషమున్నది. స్ప్రింగు తుపాకి పేలునపుడు పిస్టను ముందుకు దూకును గనుక తుపాకి మొదట వెనుకకు తన్ని, పిస్టను గోడకు చేరగనే ముందుకు తూలును. ఈ రెండు కదలికలును గుండు గొట్టము వెడలక మునుపే జరిగిపోవును. బిగించి పట్టినచో ఆ కదలిక చేతిబిగువును బట్టి మారుచు గురిని చెడగొట్టును. గోడకో కొమ్మకో ఆనించి పేల్చినను అంతే. అందుచే మా మామగారు నాకు మొదట నేర్పినది గురి కాదు, పట్టు. "అల్లుడా, దాని గొంతు పిసకొద్దు. పసిబిడ్డ తలకింద చెయ్యి పెట్టినట్టు పెట్టు. అదెట్ల కదలాలంటే అట్ల కదలనీ," అని నా యెడమ అరచేతిని చాపి, దానిమీద తుపాకిని ఊరక ఉంచెడివారు. కుడిచేతి బొటనవ్రేలితో మడమను చుట్టనిచ్చెడివారు కారు.

గుండ్ల విషయమునను ఇంతటి శ్రద్ధయే. రేకుడబ్బాలో వచ్చిన గుండ్లను పళ్లెములో పోసి, ఒక్కొక్కదానిని ఏటవాలుగా పెట్టిన అద్దపు పలకమీద దొర్లించెడివారు. తిన్నగా దొర్లినవి వేటకు. ప్రక్కకు వంకరపోయినవి, వెనుక అంచు నొక్కుకొన్నవి మాకు, అనగా గోడమీది బొగ్గుగుర్తుపై సాధన చేయు పిల్లలకు. రాత్రి భోజనానంతరము లాంతరు ముందు కూర్చుండి ఈ పని చేయుచున్నపుడు ఇంట ఎవరును ఆయనను పలుకరించెడివారు కారు.

ఇంత చేసియు, చివరకు చేతనున్నది ఇరువది యైదు గజములకు మించి నమ్మదగని ఆయుధము. దానినుండి వెడలు గుండు సెకనుకు అయిదువందల అడుగుల వేగమున పోవును. ఎగురు పిట్టను కొట్టుట కల్ల. కుందేటిపై గుండు వేయుట తగదు. కూర్చున్న పిట్టకు, అదియు తలకో మెడ మొదటికో, అంత చేరువనుండి ఒకే గుండు. తప్పినచో గొట్టము విరిచి మరల గుండు పెట్టుసరికి పిట్ట పొలిమేర దాటును. ఆ బలహీనతయే వేటగానికి గురువైనది. మందుతుపాకి చేతనున్నవాడు బీడంతయు దద్దరిల్లునట్లు రవ్వలు చల్లి, పడినవి ఏరుకొని పోగలడు. ఆతనికి పిట్ట ఎచట నీరు త్రాగునో, ఏ చెట్టుమీద పొద్దున ఎండ కాగునో, ఏ గాలికి ఏ వైపు ముఖము పెట్టి కూర్చుండునో తెలియనక్కరలేదు. గాలితుపాకివానికి ఇవి తెలియనిదే కూర లేదు. ఎండలో తాను నడచునపుడు నీడ పిట్టమీద పడకుండ సూర్యుని ఎటు ఉంచుకొనవలెనో, ఎండుటాకులపై మడమ మోపక అంచు మోపి ఎట్లు నడువవలెనో, సూటిగా పిట్టను చూడక ప్రక్కచూపుతో ఎట్లు సమీపింపవలెనో ఇవన్నియు ఆ ఇరువది యైదు గజముల హద్దు నేర్పిన చదువులు. కౌజు తెల్లవారున కూయుట మొదలిడినచో మగదానికి మగది బదులు పలుకుననియు, ఆ బదులును బట్టి రెంటి నడుమ పొదను గుర్తింపవచ్చుననియు నేను పుస్తకమున చదువలేదు. రావిపండ్లు పండిన ఋతువున పచ్చపావురములు ఆకులలో ఆకులై కలిసిపోయి, పండు రాలిన చప్పుడు తప్ప వేరు జాడ తెలియనీయవు. చెట్టుక్రింద వెల్లకిల పరుండి, కదలక, చాలసేపటికి ఒక ఆకు పక్షియై కదలుట చూచినవాడు ఆ రంగును జన్మలో మరువలేడు.

కొన్ని కట్టుబాట్లుండెను. వానకాలము గూళ్లు పెట్టు నెలలలో తుపాకి నూనె పూసి గుడ్డచుట్టి మూలపెట్టవలెను. నీటిగుంటకు దిగిన పిట్టను త్రాగనిచ్చి, అది గట్టు ఎక్కిన పిదపనే గురి చూడవలెను. గుడిచెట్టుమీద, ఊరిలోపల పేల్చరాదు. ఇంటిలో ఆ పూటకు కావలసినంత దొరికినచో, గుండ్లు మిగిలినను, తిరుగవలెను. ఇవి ఎవరు వ్రాసిన చట్టములును కావు. 1912నాటి సర్కారు చట్టమున నిషిద్ధకాలము విధింపబడియున్నదని మా వారిలో పెక్కురకు తెలియనే తెలియదు.

ఈ చదువు ఎచటికి తీసికొనిపోగలదో తెలుపు దృష్టాంతము మన దేశమున నొకటి సుప్రసిద్ధము. 1908 ప్రాంతమున బొంబాయిలో పది పండ్రెండేండ్ల బాలు డొకడు మేనమామ యిచ్చిన గాలితుపాకితో పిచ్చుక నొకదానిని కొట్టి, దాని గొంతున పసుపుపచ్చని మచ్చ చూచి వింతపడి, అది ఏ జాతిదో తెలిసికొనుటకు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పోయెను. అచట మిల్లర్డు అను దొర దాని పేరు చెప్పుటయే గాక, సంఘపు సొరుగులలోని వందలకొలది పక్షులను వానికి చూపెను. ఆ బాలుడే సలీం అలీ. నిజాము ప్రభుత్వపు సాయముతో ఆయన 1931, 1932 సంవత్సరములలో హైదరాబాదు సంస్థానమంతయు తిరిగి పక్షులను లెక్కకెక్కించెను. తెలంగాణమందలి పక్షులను గూర్చి నేటికిని పండితులు మొదట చూచునది ఆ లెక్కయే. 1985లో వెలువడిన తన స్వీయచరిత్రకు ఆయన ఆ పిచ్చుక పేరనే నామకరణము చేసికొనెను. అయితే అందరు వేటగాండ్రును సలీం అలీలు కాలేదు. వేట మానిన తరువాత ఆ జ్ఞానము నేమి చేసికొనవలెనో మావారికి తెలియదు.

1972 సెప్టెంబరున వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. మొదట కొన్ని జంతువుల వేటకు లైసెన్సు లిచ్చు ఏర్పాటుండెను గాని, 1991 సవరణతో అదియు పోయెను. చట్టము వచ్చిన దినముననే తుపాకులు మూలబడలేదు. అయినను పదియేండ్లలో, పురుగుమందులు పూరేళ్లను, బోరుబావులు బీళ్లను మ్రింగివేయగా, బయలుదేరుటకు చోటును, తెచ్చుటకు పిట్టయు లేకపోయెను. ఆ చట్టము న్యాయమైనది. మిగిలిన పిట్టలు నిలిచినవన్న అది కొంతవరకు కారణము. నేను వేటను తిరిగి రమ్మని కోరువాడను కాను. నా బాధ వేరు. పిట్టను చంపువానితోపాటు, పిట్ట నడకను చూచి పేరు చెప్పగలవాడును మా పల్లెలనుండి వెడలిపోయెను. ఆ రెండింటిని విడదీయు మార్గము ఎవరును చూపలేదు.

అట్టి జ్ఞానము మిగిలియుండుట ఎంత పని చేసినదో మా లంకమల యెరుగును. 1840వ దశకమున జెర్డను అను సైన్యవైద్యుడు తూర్పుకనుమలలో కనుగొనగా 1848లో శాస్త్రలోకమున కెక్కిన ఒక పక్షి, రొమ్మున రెండు పట్టెలు కలది, 1900లో అనంతపురము చెంత చివరిసారి కనబడి, పిమ్మట ఎవరికంటను పడక, నశించిపోయినదని వ్రాయబడెను. ఎనుబది యారేండ్లకు, 1986 జనవరిలో, సిద్ధవటము చెంతనున్న రెడ్డిపల్లె ప్రాంతమున, బొంబాయి సంఘమువారు బొమ్మలు చూపి విచారించుచుండగా, స్థానికుడైన వేటగాడొకడు ఆ బొమ్మలోని పిట్టను తానెరుగుదునని, రాత్రివేళ టార్చిదీపపు వెలుగున పట్టి తెచ్చెను. అదే కలివికోడి. సలీం అలీ అప్పటికి జీవించియుండెను. మరుసటి యేట గతించెను. పండితులు నశించినదన్న పక్షి మా కలివిపొదలలో పేరు కలిగి, రాత్రులు తిరుగుచు, దానిని ఎరిగిన మనుష్యుల నడుమనే యుండెను. ఇచట నేనొకటి చెప్పవలెను. ఆ బీళ్లలో అన్నేండ్లు తిరిగిన గాలితుపాకివారిలో కలివికోడిని చూచితిమన్నవారిని నేనెరుగను. అది పగలు పొద విడువదు, మా వారు రాత్రి తుపాకి పట్టరు. మా చదువు పగటి చదువు. రాత్రి చదువు ఉచ్చులును దీపమును పట్టినవారిది. వారిని మా పెద్దలు తమతో సమానులుగా ఎన్నడును ఎంచలేదు. ఆ పక్షిని రక్షించుటకై తరువాత, 1988లో, లంకమల అభయారణ్యము ఏర్పడెను.

నేటి నిబంధనలను బట్టి, 4.5 మిల్లీమీటర్ల బోరు కలిగి 20 జౌళ్లకు మించని బలముగల గాలితుపాకికి లైసెన్సు అక్కరలేదు. మా మామగారు కూరకని ఎంచుకొన్న రెండవ నంబరునకు కావలెను. ఒకటవ నంబరు మాత్రము వేరొక దారి పట్టి వెలుగుచున్నది. 2012 లండను ఒలింపిక్సులో హైదరాబాదువాడైన గగన్ నారంగ్ పది మీటర్ల గాలితుపాకి పోటీలో కంచుపతకము సాధించెను. ఆ గురిపటములో నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. మా అన్న మనుమడు ఇప్పుడు హైదరాబాదులో ఆ విద్య నభ్యసించుచున్నాడు. మొన్న సెలవులకు వచ్చినపుడు తన తుపాకిని నా చేతికిచ్చి చూపెను. అందు స్ప్రింగు లేదు, పిస్టను లేదు, తోలు వాషరు లేదు. గొట్టము క్రిందనున్న సీసాలో ముందుగానే నొక్కి నింపిన గాలి కొలతప్రకారము వెడలును. పేలినపుడు తుపాకి వెనుకకు తన్నదు, ముందుకు తూలదు. నేను అలవాటుచొప్పున ఎడమ అరచేయి చాపి తుపాకిని దానిమీద ఊరక ఉంచగా వాడు వారించి, "అట్ల కాదు తాతా, దీన్ని భుజానికి గట్టిగా ఆనించి పట్టుకోవాల," అని, ఆ బిగువు ఎట్లో నా మోచేతిని సర్ది చూపెను.